నిమ్రూద్ స్ఫటికానికి టెలిస్కోపు బిరుదెందుకు?

ఇరాక్‌లోని ప్రాచీన అసీరియన్ నగరం నిమ్రూద్ శిథిలాల్లో 1850లో పురావస్తు పరిశోధకుడు ఆస్టిన్ హెన్రీ లేయర్డ్‌కు ఓ కోడిగుడ్డు ఆకారపు స్ఫటికపు బిళ్ల దొరికింది. పొడవు 4 సెంటీమీటర్ల పైచిలుకు. ఒకవైపు చదును, మరోవైపు కాస్త ఉబ్బు. ఎండలో పెడితే వెలుగును సుమారు 12 సెంటీమీటర్ల దూరాన కూడగడుతుంది.

ఇంకేముంది, కథలు అల్లుకున్నాయి. శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1852లో అది కటకమేనన్నారు. ఇటలీ పండితుడు జొవాన్ని పెట్టినాటో ఏకంగా టెలిస్కోపు దాకా వెళ్లారు! అసీరియన్ల ఖగోళ రాతల్లో మాత్రం అలాంటి పరికరం ఊసే లేదు. పైగా బిళ్ల పక్కనే నీలి గాజు ముక్కలు దొరికాయి. ఏదో వస్తువుకు పొదిగిన అలంకారమనుకోవడమే సబబు.

అలంకారమైతే గొప్పతనం తగ్గుతుందా? స్ఫటికం ఇనుముకు లొంగే రాయి కాదు. గట్టి పొడితో ఓపిగ్గా అరగదీయాల్సిందే. రాతిలో సహజంగా చిక్కుకున్న ద్రవపు బుడగలు ఆ అరగదీతలో తెరుచుకుని, డజను చిన్న గుంతలుగా నేటికీ కనిపిస్తాయి. రెండువేల ఏడువందల ఏళ్ల నాటి ఆ చేతిపనిని మెచ్చుకోవడానికి గెలీలియోను అడ్డం తెచ్చుకోవడం దేనికి? బిళ్ల ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.