చదరంగంలో ఒక శోధన



చదరంగంలో కంప్యూటరును గెలువగల మనిషి నేడు లేడు. అయినా 2017లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రోజర్ పెన్‌రోజ్ పేరిట ఉన్న సంస్థ దానికొక చిక్కు ప్రశ్న వేసింది.

తెల్లవారికి రాజు, నాలుగు బంటులే ఉన్నాయి. నల్లవారికి రాజు, మంత్రి, రెండు ఏనుగులు, మూడు శకటులు, ఐదు బంటులు ఉన్నాయి. అప్పటి కంప్యూటరు బలగాన్ని లెక్కించి, నల్లవారిదే గెలుపని అంకెలు చూపింది.

కాని నిదానంగా చూడండి. నల్ల రాజు, మంత్రి, ఏనుగులు, బంటులు ఒక మూల ఇరుక్కున్నాయి. శకటులు తప్ప ఏదీ కదలలేదు. ఆ మూడూ నల్లగడులలోనే తిరుగుతాయి. తెల్ల రాజు తెల్లగడులు విడువకుండా నడిస్తే చాలు, వాటికి చిక్కడు. బంటు కదలక, ఏ కాయా చావక ఇరువురికీ 50 ఎత్తులు గడిస్తే ఆట సమానమే.

శోధన ఒక్కటే. తెల్ల బంటు ఎదుట నల్ల ఏనుగు ఊరకే దొరుకుతుంది. ఆశపడి చంపితే చెర తలుపు తెరచినట్లే! మంత్రి బయటపడుతుంది.

కంప్యూటరు ఎదుటివాని కలిమిని లెక్కించింది గాని, అది కదలగలదా అని చూడలేదు. మన పిల్లలకు లెక్కలతోపాటు, ఆగి చూచే అలవాటు కూడా నేర్పుదము.