నీళ్ళలో నిలబడ్డ చర్చి

ఈ నెల చూడదగ్గ చోటు: ట్రినిటీ చర్చి, బోస్టన్

బోస్టన్ వెళ్ళిన మనవారు హార్వర్డు, ఎం.ఐ.టి. చూసి, ఓపిక ఉంటే తిమింగలాల కోసం పడవెక్కి, తిరిగి వచ్చేస్తారు. కాప్లీ స్క్వేర్ మీదుగా నడిచి వెళ్ళినా అక్కడి ట్రినిటీ చర్చిలోకి తొంగిచూసేవారు తక్కువ. "చర్చిలో మనకేం పని?" అని అడగవచ్చు. ఈ దేశం వచ్చిన కొత్తలో మన ఉగాదులూ, సంక్రాంతులూ చాలా ఊళ్ళలో చర్చి బేస్‌మెంట్లలోనే జరిగాయి. కింద చూసినవాళ్ళం పైన ఏముందో కూడా చూడవచ్చు కదా! అయితే ఈ చర్చికి సంబంధించి అసలు కథంతా బేస్‌మెంటుకు కూడా దిగువనే ఉంది.

ట్రినిటీ ఎపిస్కోపల్ శాఖకు చెందిన పారిష్ చర్చి, అంటే ఒక పేటలోని కుటుంబాలన్నీ కలిసి నడుపుకునేది. ఈ పారిష్ 1733లో ఏర్పడింది. వారి వెనుకటి చర్చి సమ్మర్ స్ట్రీటులో ఉండేది. 1869లో ఫిలిప్స్ బ్రూక్స్ అనే యువకుడు రెక్టరుగా వచ్చాడు. ఆయన గొప్ప వక్త. వినవచ్చిన జనానికి చోటు చాలకపోవడంతో, 1872లో బ్యాక్ బే అనే కొత్త పేటలో స్థలం కొని, ఆరుగురు ఆర్కిటెక్టులకు పోటీ పెట్టారు. గెలిచినవాడు హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్ళు. ఆ నవంబరులోనే బోస్టన్ నగరం మంటల్లో చిక్కుకుంది. సమ్మర్ స్ట్రీటు చర్చి కాలిపోయింది. కొత్త చర్చి ప్లాను మాత్రం చేతిలో సిద్ధంగా ఉంది.

అది విక్టోరియా రాణి కాలం. ఆ రోజుల్లో చర్చి అనగానే కోసు తేలిన గోథిక్ కట్టడమే అందరికీ గుర్తుకు వచ్చేది. 1924లో పూర్తయిన మన మెదక్ చర్చి కూడా ఆ బాణీలోదే. రిచర్డ్‌సన్ మాత్రం ఇంకా వెనక్కి వెళ్ళి, దక్షిణ ఫ్రాన్సులోని పాత రోమనెస్క్ పద్ధతిని పట్టుకున్నాడు. దళసరి గోడలు, గుండ్రని కమానులు, చెక్కీ చెక్కనట్లున్న రాయి. గోడలకు డెడ్‌హామ్ గ్రానైటు, అంచులకు లాంగ్‌మెడో ఎర్ర ఇసుకరాయి వాడాడు. పొడవాటి హాలు కట్టి ఆ చివరెక్కడో వేదిక పెడితే వెనక బెంచీలవారికి బ్రూక్స్ మాట వినబడదు. అందుకని నాలుగు చేతులూ దాదాపు సమానంగా ఉండే శిలువ ఆకారంలో ప్లాను వేసి, నడిమధ్య పెద్ద గోపురం నిలబెట్టాడు. హరికథకు జనం ఎలా దగ్గరగా మూగి కూర్చుంటారో అలాగన్నమాట. మొదట గీసిన గోపురం మరీ ఎత్తు, మరీ బరువు. దాన్ని తగ్గించి, స్పెయిన్‌లోని సాలమాంకా పాత కెథీడ్రల్ గోపురాన్ని నమూనాగా తీసుకుని మళ్ళీ గీశారు.

బరువు గురించి అంత బెంగ ఎందుకంటే కింద నేలే లేదు! బ్యాక్ బే ఒకప్పుడు ఆటుపోట్లకు మునిగి తేలే బురద మడుగు. 1850ల చివరి నుంచి నీడమ్ గ్రామం దగ్గర కంకర తవ్వి, రైలు పెట్టెల్లో మోసుకొచ్చి పూడ్చారు. ఆ పూడికలో సుమారు 4,500 చెట్టు దుంగలను నిలువుగా దిగగొట్టారు. గోపురం ఒక్కటే దాదాపు 9,500 టన్నులు తూగుతుంది. ఆ బరువు పంచడానికి దుంగల మీద నాలుగు గ్రానైటు పిరమిడ్లు కట్టారు. ఒక్కొక్కటి అడుగున 35 అడుగుల చదరం, 17 అడుగుల ఎత్తు. వీటిపైన నాలుగు స్తంభాలు, వాటిపైన గోపురం.

దుంగలు కుళ్ళిపోవా అనే సందేహం రావచ్చు. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉంటే కుళ్ళవు. నీరు దిగిపోయి గాలి తగిలిందా, బూజు పట్టి పిండి అయిపోతాయి. మనవైపు నుయ్యి తవ్వేటప్పుడు అడుగున నేరేడు చెక్క వేసేవారని పెద్దలు చెప్పగా వింటూంటాము. ఆ తెలివే ఇదీనూ. రామప్ప గుడి కింద కాకతీయుల శిల్పులు గుంట తీసి ఇసుక నింపినట్లే, ఇక్కడివారూ ఉన్న నేలతో రాజీపడి కట్టారు. స్క్వేర్‌కు అవతల ఉన్న పబ్లిక్ లైబ్రరీకి 1929లో దుంగలు కుళ్ళినట్లు బయటపడింది. కారుతున్న మురుగు గొట్టం ఒకటి చుట్టుపక్కల భూమిలోని నీటిని లాగేసుకుందట. అందుచేత ఆ పేటలో ఎవరు గొయ్యి తవ్వినా పక్కవారికి గుండె దడే.

1968లో అలాంటి గొయ్యే పడింది. జాన్ హాన్‌కాక్ జీవితబీమా కంపెనీ చర్చి పక్కనే 60 అంతస్తుల అద్దాల మేడ మొదలుపెట్టింది. తవ్విన గోతికి పెట్టిన అడ్డుగోడలు లోపలికి ఒరిగాయి. దానితో పాటు వీధీ, చర్చి పునాదీ కదిలాయి. రాళ్ళు బీటలు వారాయి. (1973లో ఆ మేడ అద్దాలే ఊడి వీధిలో పడితే, పదివేలకు పైగా పలకలు మార్చవలసి వచ్చింది, అది వేరే కథ.) చర్చి కోర్టుకు వెళ్ళింది.

నాకు ఈ చర్చిలో అన్నిటికంటె ఆసక్తి కలిగించింది ఈ కేసే. నష్టం ఎంత అని ఎలా లెక్కకట్టాలి? ఇల్లయితే ముందు ధరెంత, తరువాత ధరెంత అని చూస్తారు. చర్చిని ఎవరు కొంటారు? పైగా అది కూలిపోలేదు, ఆదివారం ప్రార్థనలు మామూలుగానే జరుగుతున్నాయి. చర్చి తరఫు ఇంజనీరు ఇలా వాదించాడు: ఏ కట్టడమైనా కొంత కుంగుతూనే ఉంటుంది, కుంగి కుంగి ఒకనాటికి విప్పి మళ్ళీ కట్టుకోవలసిన స్థితికి వస్తుంది, ఆ దారిలో ఈ తవ్వకం మా చర్చిని ఎంత భాగం ముందుకు తోసిందో, తిరిగి కట్టే ఖర్చులో అంత భాగం ఇవ్వాలి. జూరీ ఒప్పుకుని 40 లక్షల డాలర్లకు పైగా ఇమ్మన్నది. 1987లో మాసచూసెట్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా దానిని ఖాయం చేసింది. వడ్డీతో కలిపి కోటి డాలర్లు దాటింది. ఇలాంటి కట్టడాలకు మార్కెట్ ధర వర్తించదని కోర్టు స్పష్టంగా చెప్పింది. మనిషి ప్రాణానికి వెలకట్టడమే వృత్తిగా గల కంపెనీ ఈ లెక్క దగ్గర ఓడిపోవడం చిత్రంగా లేదూ! మన గుళ్ళకు ఇన్సూరెన్సు కాగితాలు నింపుతూ "విలువ" అన్న గడి దగ్గర కలం ఆపిన కమిటీ సభ్యులు ఈ తీర్పు ఒకసారి తెప్పించుకుని చదవడం మంచిది.

లోపలి సంగతి కొంచెం. గోడల మీది బొమ్మలు జాన్ లఫార్జ్ బృందం వేసినవి. 1876 శరత్తులో మొదలుపెట్టి, చలిలో పరంజాల మీద నిలబడి పనిచేసి, 1877 ఫిబ్రవరి 9న చర్చి ప్రతిష్ఠ నాటికి ముగించారు. కిటికీలలో కొన్ని ఇంగ్లండు నుంచి వచ్చాయి. బర్న్-జోన్స్ గీయగా విలియమ్ మారిస్ కంపెనీవారు చేసినవి. నా ఓటు మాత్రం పడమటి గోడలో లఫార్జ్ 1883లో పెట్టిన నీలి అద్దాలకే. 1885లో ఆర్కిటెక్టులు తమలో తాము ఓట్లు వేసుకుని, దేశంలోకెల్లా ఉత్తమ కట్టడం ఇదేనని తేల్చారు. మరుసటి ఏడే రిచర్డ్‌సన్ 47వ ఏట పోయాడు. ముందున్న వరండా ఆయన పోయిన తరువాత, 1897లో పూర్తయింది.

గ్రీన్ లైన్ రైలులో కాప్లీ స్టేషన్ దగ్గర దిగితే ఎదురుగా కనబడుతుంది. మధ్యాహ్నం దాటాక వెళ్ళండి, నీలి అద్దాల మీదికి ఎండ వస్తుంది. బయటికి వచ్చి క్లారెండన్ స్ట్రీటు వైపు తిరిగితే, ఒకప్పుడు కోర్టుకెక్కిన ఆ మేడ అద్దాల్లోనే చర్చి గోపురం నీడ కనబడుతుంది. ఫోటోకు అదే మంచి చోటు. ఆ పేటలో కాలిబాట మీద అక్కడక్కడ చిన్న ఇనుప మూతలుంటాయి. భూమిలో నీటిమట్టం కొలిచే గొట్టాలవి. పిల్లలు అడిగితే చెప్పండి.