నమూనా నౌకలు - వర్ణనిర్ణయము

పాఠశాలల ప్రదర్శనములయందు విద్యార్థులు నిర్మించిన యుద్ధనౌకల నమూనాలు అప్పుడప్పుడు కనిపించుచుండును. ఫిరంగులు, లంగరులు, తెరచాపల త్రాళ్లు మొదలగువానిని వారు లెక్క తప్పకుండ అమర్చుదురు. రంగు కడకు వచ్చుసరికి ఆ శ్రద్ధ సడలును. ఇంటిలోని డబ్బాలో ఏ రంగు మిగిలినదో అదియే ఓడకు పట్టును. పరీక్షకులును కొలతలను ప్రశ్నింతురు గాని రంగును ప్రశ్నింపరు. కొలత సత్యమనియు, రంగు కేవలము అలంకారమనియు ఒక భావము నాటుకొనియున్నది. ఈ భావము సరియైనది కాదు.

స్వీడను రాజగు గస్టావస్ అడాల్ఫస్ కట్టించిన 'వాసా' అను యుద్ధనౌక 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోమ్ రేవునుండి తొలిసారి బయలుదేరి, మైలు దూరమైనను పోకమునుపే గాలివిసురునకు ఒరిగి మునిగిపోయెను. 333 సంవత్సరములు నీటి అడుగున నుండి, 1961 ఏప్రిల్ 24వ తేదీన అది మరల వెలుగు చూచెను. కొయ్య నల్లబడియున్నది. దానిని అలంకరించిన వందలకొలది శిల్పములపై రంగు కంటికి ఆనకుండ పోయినది. నీలపు నేపథ్యముపై బంగారుపూత బొమ్మలు ఉండియుండునని తొలుత ఊహించిరి. ఆ ఊహ ననుసరించి నీలి వాసాలు తయారైనవి. ఒకరి నమూనాను చూచి మఱియొకరు అదే రంగు వేసిరి.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి ఈ వ్యవహారము క్రొత్తది కాదు. ఒక లేఖకుని పొరపాటును పదిమంది ఎత్తి వ్రాసినచో పది ప్రతులును ఏకకంఠముతో ఆ పొరపాటునే చెప్పును. ప్రతుల సంఖ్యను బట్టి సాధుపాఠము నిర్ణయము కాదు. వాసా విషయమునను అట్లే జరిగినది. 1990 తరువాత శిల్పములకు అంటియున్న రంగు రేణువులను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, నేపథ్యము ఎఱుపనియు, బొమ్మలు పలువన్నెలతో మెఱయుచుండెననియు తేలినది. స్టాక్‌హోమ్‌లోని వాసా ప్రదర్శనశాలయందు పదియవవంతు కొలతతో చేసిన పెద్ద నమూనా ఈ వన్నెలతోనే నిలిచియున్నది.

ఓడ కన్నులయెదుటనే యున్నను భ్రమ తప్పదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున నెల్సన్ ఎక్కిన 'విక్టరీ' నౌక పోర్ట్స్‌మత్‌లో నేటికిని ఉన్నది. దాని పసుపు చారలను లక్షలమంది చూచిరి. కాని ఆ పసుపు 1920 తరువాతి పునరుద్ధరణలో వేసినది. 72 పొరల పెయింటును పరిశోధించిన పిమ్మట, 2015లో ఆ చారలకు గులాబి ఛాయగల లేత గైరికవర్ణము వేసిరి. కొందఱికి అది రుచింపలేదు. రుచికిని చరిత్రకును పొత్తు కుదరవలెనను నియమమేమున్నది?

'అట్టి రంగు ఉండజాలదు' అను తర్కమును నమ్మదగినది కాదు. యుద్ధనౌకకు గులాబిరంగు అనగానే నవ్వు వచ్చును. అయినను 1940లో మౌంట్‌బాటన్, ఊదా ఛాయగల ఒక ప్రయాణికుల ఓడ మసక వెలుతురులో కనుమఱుగగుట గమనించి, తన అధీనములోని నౌకలకు అట్టి రంగే వేయించెను. పరిష్కర్త సులభపాఠముకంటె క్లిష్టపాఠమును ఎక్కువ శ్రద్ధతో పరిశీలించుట ఇందులకే.

అన్నిటికంటె చిక్కైనది 'అరిజోనా' సమస్య. 1941 డిసెంబరు 7వ తేదీ ఉదయమున పెర్ల్ హార్బరులో ఆ నౌకపై 1177 మంది మరణించిరి. ఆనాడు దాని రంగు ముదురు బూడిదయా, సముద్రనీలమా అని నమూనాకారులు చాలకాలము వాదించిరి. ఆ సంవత్సరముననే అమెరికా నౌకాదళము బూడిదకు బదులు నీలము వాడుడని ఆదేశించినది. కాగితముపై ఆదేశము వెలువడిన దినము వేఱు, ఓడకు కుంచె తగిలిన దినము వేఱు. నలుపు తెలుపు ఛాయాచిత్రములు ఈ తగవు తీర్పలేవు. మొగ్గు బూడిదవైపే ఉన్నది. ఇది చాదస్తమని నవ్వువారు, ఆ మృతుల బంధువు ఒకరు ఆ బొమ్మయెదుట నిలిచి చూచుట ఒక్కసారి ఊహింతురుగాక.

అట్లని లేశమాత్రపు ఛాయాభేదములకై కలహించుటయు తగదు. ఎండకును ఉప్పునీటికిని ఏ రంగైనను కొలది మాసములలో వెలిసిపోవును. దూరమున నున్న వస్తువు లేతగా కనిపించును గనుక చిన్న నమూనా రంగులో కొంచెము తెలుపు కలుపుటయు దోషము కాదు. వన్నె తప్పరాదు, ఛాయ కొంత తప్పినను క్షమింపవచ్చును. విద్యార్థిని ఉపాధ్యాయుడు అడుగదగిన ప్రశ్న 'ఈ ఓడ రంగేమి?' అనునది కాదు, 'ఏ దినమున ఈ ఓడ?' అనునది. నౌకలు తమ జీవితకాలమున పలుమార్లు రంగులు మార్చినవి. దినము తెలియనిదే రంగు తెలియదు. తేదీయు, రంగునకు ఆధారమును పీఠముపై వ్రాయించినచో విద్యార్థి తానే వెదకుకొనును.

ఇండ్లలోను పాఠశాలలలోను ఇప్పటికే యున్న నీలి వాసాలను గీకివేయ నక్కఱలేదు. పీఠముపై '1990కి పూర్వపు ఊహ' అని చిన్న అక్షరములతో వ్రాసి, ఎఱ్ఱని వాసా నొకదానిని ప్రక్కన నిలిపిన చాలును.