గ్రీకు పాత్రచిత్రములలో డయోనిసస్: 'మద్యదేవత' అను పేరు చాలునా?

ప్రాచీన గ్రీకు మృత్పాత్రలపై కనబడు డయోనిసస్‌ను 'మద్యదేవత' అని ఒక్క మాటలో పరిచయము చేయుట పరిపాటియైనది. ఈ పేరు అసత్యము కాదు, అసంపూర్ణము. పాత్రలను నిదానించి చూచినచో ఆ కొరత తెలియును.

క్రీ.పూ. 570 ప్రాంతమున ఎర్గోటిమోస్ చేయగా క్లైటియాస్ చిత్రించిన 'ఫ్రాన్స్వా' పాత్ర నేడు ఫ్లోరెన్సులో ఉన్నది. అందు పీలియస్, థెటిస్‌ల వివాహమునకు తరలు దేవతల వరుసలో డయోనిసస్ ద్రాక్షాసవపు కూజాను మోయుచున్నాడు. ఆ వరుసలో ఎక్కువమంది పార్శ్వముఖులు కాగా, ఇతడు చూపరిని సూటిగా చూచుచున్నాడు. తరువాతి చిత్రములలోను సాటిర్లు తూలుచు, మీనడులు పూనకమున ఆడుచుండగా, నడుమ ఈ దేవుడు చాలచోట్ల నిశ్చలుడై నిలుచును. మత్తు పరివారమునదే గాని ప్రభువుది కాదు.

మ్యూనిక్‌లోని ఎక్సీకియాస్ పానపాత్ర సుమారు క్రీ.పూ. 530 నాటిది. ఓడలో ఒంటరిగా శయనించిన దేవుడు, తెరచాపకొయ్యను పెనవైచుకొన్న ద్రాక్షతీగ, ఏడు గుత్తులు, చుట్టును ఏడు డాల్ఫిన్లు అందు కలవు. దీనిని హోమరు పేర పరగు స్తోత్రమునకు బొమ్మగా వ్యాఖ్యానించుట వాడుక. ఆ స్తోత్రమున సముద్రపు దొంగలు దేవుని బంధింపజూతురు. అతడు సింహరూపము దాల్పగా భయపడి నీట దూకి డాల్ఫిన్లగుదురు. చిత్రమున దొంగల రూపము లేదు, సింహము లేదు, భయము లేదు. లోతలమంతయు పగడపు వన్నె. నీటికిని నింగికిని నడుమ గీత లేదు. పాత్ర నిండినపుడు ఆ ఓడ ద్రాక్షాసవముపైననే తేలుచున్నట్లు త్రాగువానికి తోచును. ఈ అర్థము స్తోత్రమునుండి రాదు. పాత్ర వినియోగమునుండి వచ్చును.

గ్రంథము లేనిచో కథ తెలియుట ఎట్లని శంకింపవచ్చును. శంక న్యాయమే. కాని గ్రంథమొక్కటే ప్రమాణమైనచో కలుగు ప్రమాదమునకు ఈ దేవుని చరిత్రయే నిదర్శనము. యూరిపిడీస్ 'బాకే' నాటకమున ఇతడు తూర్పునుండి వచ్చును. అట్టి కథలను నమ్మి, ఇతడు ఆలస్యముగా గ్రీసు చేరిన పరదేవతయని పూర్వవిమర్శకులు పలువురు తలచిరి. 1952లో వెంట్రిస్ లీనియర్-బి లిపిని ఛేదించిన పిదప, క్రీ.పూ. 13వ శతాబ్ది నాటి మట్టిపలకలలోనే ఇతని పేరు కనబడినది.

కావున డయోనిసస్‌ను సోమునితోనో శివునితోనో పోల్చగోరు పరిశోధకులు తొలుత పాత్రలను పరిశీలింపవలెను. చిత్రము గ్రంథమునకు అనుచరము కాదు. అదియు ఒక ప్రమాణమే. దానిని పఠించు విద్యను గూడ విద్యార్థులకు నేర్పుట ప్రాచ్యకళాశాలల బాధ్యత.