ఎక్స్‌రే నార్మల్ అంటే కాలు బాగున్నట్టేనా?

సైటులో కాలు మెలిపడి చీలమండ వాస్తే, "ఎక్స్‌రే నార్మల్, డ్యూటీకి వెళ్లు" అంటారు. ఆ కాగితాలు ఫైలు చేసేది మేమే. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది; కీలులో ఎముకల చివరలను కప్పే మృదులాస్థి కనిపించదు. సన్నని పగుళ్లకు, విరిగిన ముక్కలకు సీటీ స్కాన్ మేలు. మృదులాస్థి, లిగమెంట్లు, ఎముక లోపలి వాపు తెలియాలంటే ఎంఆర్‌ఐ కావాలి.

మొదటిరోజే అందరికీ ఎంఆర్‌ఐ అక్కర్లేదు. వారాలు గడిచినా నొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టరును అడగండి. ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. వెల్డింగ్, గ్రైండింగ్ పనివారు కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే ముందే చెప్పాలి.

పనిలో తగిలిన దెబ్బకు చికిత్స ఖర్చు యజమానిదేనని 2021 నాటి యూఏఈ కార్మిక చట్టం చెబుతోంది. డాక్టరు రాసిన స్కాన్‌ను ఖర్చు పేరుతో ఆపడం అన్యాయమని మా అభిప్రాయం. దెబ్బ తగిలినరోజే రాయించండి, కాగితం దాచుకోండి.