జానకి వెంట రాఘవుడు



తెలుగులో యాత్రాచరిత్ర అనగానే మన పండితులు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రతో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసిందే. 1830లో మద్రాసు నుండి సపరివారంగా బయలుదేరి కాశి దాకా పోయివచ్చి ఆయన వ్రాసిన గ్రంథం 1838లో అచ్చయింది. నా అభ్యంతరం ఆ ప్రారంభం మీద కాదు. ఆ తరువాత మనం వదలివేసిన ఒక పేరు గురించి.

ఆ పేరు పోతం జానకమ్మ. ఈ తెలుగు ఇల్లాలు 1870లలో భర్త రాఘవయ్యగారితో కలిసి ఓడ ఎక్కి ఇంగ్లండు చూచి వచ్చింది. చూచినది తెలుగులో వ్రాసింది. దాని ఆంగ్లరూపం ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అనే పేరుతో 1876లో మద్రాసులో అచ్చయింది. వంగదేశపు కృష్ణభావిని దాస్ తన ఇంగ్లండు అనుభవాలను బెంగాలీలో ప్రకటించింది 1885లో. పండిత రమాబాయి అమెరికాను గురించి మరాఠీలో వ్రాసిన గ్రంథం 1889 నాటిది. వారిని వారి భాషలవారు గౌరవంగా తలచుకుంటున్నారు. వారికంటె ముందు నడిచిన మన ఆడపడుచును నేను భాషాప్రవీణ చదివినప్పుడు ఏ గురువూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళకు పైగా బోధించిన పాఠ్యపుస్తకాలలో ఏదీ పేర్కొనలేదు. ఈమధ్య కొందరు పరిశోధకులు ఆమెను మరల వెలుగులోకి తెచ్చినందుకు సంతోషమే. కాని మన సభావేదికల మీద ఇంకా పాత పాటే వినిపిస్తున్నది.

రాజమహేంద్రవరంలో ఒక సాహిత్యసభలో ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు ఒక పెద్దమనిషి అన్నారు: “భర్త తీసుకుపోయాడు, ఆమె వెళ్ళింది. ఇందులో ఆమె ఘనత ఏముందండీ?” అయ్యా, వీరాస్వామయ్యగారిని బోయీలు పల్లకిలో మోసుకుపోయారు. కనుక ఆ ఘనత బోయీలదని ఎవరైనా అన్నారా? ఆ రోజులలో సీమకు పోయివచ్చిన మగవారు మరికొందరు ఉన్నారు. అందరూ గ్రంథాలు వ్రాశారా? ప్రయాణపు ఖర్చు పెట్టుకున్నవాడు వేరు, కళ్ళు తెరచి చూచి, చూచినదానికి మాట కూర్చినవాడు వేరు. యాత్రాసాహిత్యంలో యాత్రికుడంటే రెండవవాడే.

ఆ దంపతుల పేర్లు చూడండి: జానకి, రాఘవుడు. వాల్మీకి జానకి మాత్రం రాముడు రమ్మంటే వెళ్ళిందా? వద్దన్న భర్తతో వాదించి, ఒప్పించి, వనానికి నడిచింది. సహధర్మచారిణి అంటే కలిసి నడిచేది అని అర్థం. మూటాముల్లెలతో పాటు లెక్కకు వచ్చే వస్తువు అని కాదు. ఈ జానకమ్మ గ్రంథంలో మాత్రం చూపు ఆమెది, మాట ఆమెది. ఆ పుటలలో జానకి వెంట నడచినవాడు రాఘవుడే.

ఇక రెండవ ఆక్షేపణ: “దొరుకుతున్నది ఇంగ్లీషు పుస్తకం కదా, అది తెలుగు సాహిత్యం ఎలా అవుతుంది?” గుణాఢ్యుని బృహత్కథ పైశాచీ భాషలో పుట్టింది. ఆ మూలం లుప్తమైంది. క్షేమేంద్రుడూ సోమదేవుడూ సంస్కృతంలో చెప్పిన రూపాలే మనకు మిగిలాయి. అయినా గుణాఢ్యునికి పీట వేయని పండితుడు లేడు. ఆయనకు చెల్లిన న్యాయం జానకమ్మకు ఎందుకు చెల్లదు?

మా ఊరివాడైన వీరేశలింగం పంతులుగారు 1890లలో సత్యరాజా పూర్వదేశయాత్రలు రచించారు. స్విఫ్టు గలివర్ యాత్రల ఒరవడిలో సాగిన కల్పన అది. స్త్రీలు పెత్తనం చేసే దేశాన్ని ఊహించి, మన మగవారి అన్యాయాన్ని తలక్రిందులుగా చూపించారు. పంతులుగారి మీద నాకున్న భక్తి చిన్నది కాదు. కాని పురుషుడు ఊహించిన స్త్రీరాజ్యయాత్రకు సాహిత్యచరిత్రలో స్థానమిచ్చి, అంతకు ముందే ఒక స్త్రీ నిజంగా చేసిన యాత్రకు స్థానం లేదనడం ఏమి వివేకం?

గోదావరి సీమవారికి ఈ ప్రశ్న మరింత గట్టిగా తగలాలి. సముద్రం మనకు కొత్తది కాదు. కోరంగి రేవు నుండి మనవారు బర్మాకూ మారిషస్‌కూ పోయారు. ఆ రేవు పేరే పరాయి దేశాలలో తెలుగువారికి పేరైంది. అలా ఓడ ఎక్కిన వారిలో స్త్రీలూ ఉన్నారు. అక్షరం నోచుకోని ఆ తల్లులు చూచినదీ పడినదీ వారితోనే పోయింది. అటువంటి కాలంలో వ్రాయగలిగి వ్రాసిన ఒక్కతెను మనమే విడిచిపెట్టాం. ఇంగ్లండు నుండి వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు నిలిపిన కృతజ్ఞత మనది. ఇంగ్లండుకు పోయి, దానిని మనకు వర్ణించి చెప్పిన ఇల్లాలికి పాఠ్యపుస్తకంలో ఒక పుట ఇవ్వలేమా?

నేను కోరేవి రెండే. యాత్రాసాహిత్యం బోధించే ప్రతి తరగతిలో కాశీయాత్ర చరిత్ర తరువాత జానకమ్మ పేరు చెప్పాలి. ఆమె తెలుగు మాటలను నేను ఇంతవరకు కంటితో చూడలేదు. ఒక్క ప్రతి ఎక్కడ ఉన్నా బయటికి రావాలి. తాతలనాటి పుస్తకాల పెట్టెలు అటకల మీద ఉన్నవారు, వాటిని పాతకాగితాల వానికి తూచి ఇచ్చే ముందు, దయచేసి ఒక్కసారి విప్పి చూడండి. చెదపురుగుకు పండితుడూ పామరుడూ అనే తేడా లేదు. వరదనీటికి అసలే లేదు.

స్వస్తి.