కందుల ఓడకు కాపలా ఖర్చు

కందుల బేరానికి కూర్చున్నప్పుడు తాండూరు వర్తకులు మూడు సంగతులు చూస్తారు: వాన, యార్డుకు రాబడి, ఆఫ్రికా సరుకు. ఆ ఆఫ్రికా సరుకు వచ్చే సముద్రంలో కాపలా ఎట్లా ఉన్నదో కూడా ఇకమీదట చూడవలసి ఉన్నది.

మొజాంబిక్‌తో 2016లో కుదిరిన ఒప్పందంలో కందుల దిగుమతి లక్ష్యం ఏటా 2 లక్షల టన్నుల వరకు పెట్టుకున్నారు. 2021లో దానిని మరో అయిదేళ్లు పొడిగించారు. ఆ సరుకు పడమటి హిందూ మహాసముద్రం దాటి రావాలి. అక్కడి దీవుల్లో సీషెల్స్ ఒకటి. జనాభా లక్షకు కొంచెం పైన. కాపలా కాయవలసిన సముద్రం 13 లక్షల చదరపు కిలోమీటర్లకు పైన. ఒంటరిగా అయ్యే పని కాదు. అందుకే 2018లో సీషెల్స్, మారిషస్, మడగాస్కర్, కొమొరోస్, జిబూటీ మొదలైన దేశాలు కలిసి ఒప్పందాలు చేసుకున్నాయి. మడగాస్కర్ కేంద్రం ఓడల సమాచారం సేకరించి పంచుతుంది. సముద్రంలో చర్యను సీషెల్స్ కేంద్రం సమన్వయం చేస్తుంది.

సోమాలియా ఓడదొంగల బెడద 2011 ప్రాంతంలో ముదిరినప్పుడు యుద్ధ ప్రమాద బీమా, సాయుధ కాపలా, చుట్టుదారి ఇంధనం అన్నీ ఓడల మీద పడ్డాయి. ఆ ఖర్చు ముందు కిరాయిలో, తర్వాత దిగుమతి ధరలో చేరుతుంది. ప్రమాద ప్రాంతమన్న ముద్రను 2023 జనవరి 1న తొలగించారు. ఆ డిసెంబరులోనే రుయెన్ అనే ఓడను దొంగలు పట్టుకున్నారు. 2024 మార్చిలో మన నౌకాదళం దానిని విడిపించి, 35 మందిని పట్టుకున్నది.

మన నౌకాదళం ఉండగా ఈ చిన్న దేశాల కేంద్రాలెందుకని కొందరు అడుగుతున్నారు. యుద్ధనౌక అన్ని చోట్లా ఉండలేదు. ఏ పడవ అనుమానాస్పదమో ముందుగా పసిగట్టి చెప్పేవారు కావాలి. పట్టుబడినవారిని విచారించే న్యాయస్థానమూ కావాలి. సీషెల్స్ న్యాయస్థానాలు 2010 నుంచే సోమాలియా దొంగలను విచారించి శిక్షించాయి.

ఈ కేంద్రాల ఏర్పాటుకు ఐరోపా సమాఖ్య డబ్బిచ్చింది. మన ప్రభుత్వం సీషెల్స్‌కు గస్తీ ఓడలు, డోర్నియర్ విమానాలు ఇచ్చింది. 2020లో హిందూ మహాసముద్ర కమిషన్‌లో పరిశీలక హోదా పొందింది. ఇది మంచిదే. అయితే ఓడ ఇవ్వటం ఒకసారి ఖర్చు. డీజిలు, విడిభాగాలు, సిబ్బంది జీతాలు ఏటేటా ఖర్చు. గోదాముకు తాళం కొని కాపలావాడి జీతం ఎగవేసే షావుకారును బజారు మెచ్చదు.

దిగుమతి సుంకం మీద ఢిల్లీకి వినతిపత్రాలు పంపే పప్పుధాన్యాల వర్తక సంఘాలు, ఈ కేంద్రాలకు ఏటా కొంత సాయం కేటాయించాలని కూడా అడగాలి. బీమా ప్రీమియం పెరిగిన తర్వాత అడిగితే ఆ సీజను సరుకు మీద నష్టం అప్పటికే పడి ఉంటుంది.